అందరూ ఒకే మిల్లువాళ్ళేనా?



ప్రతి పెద్ద బ్యాంకు హెడ్డాఫీసులోనూ ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి డిపాజిట్లు తెచ్చే పని లేదు. అప్పులు ఇప్పించే పని లేదు. ఇన్ని కోట్ల వ్యాపారం చెయ్యాలన్న టార్గెట్టు లేదు. ఉండకూడదని రిజర్వు బ్యాంకు రూలే ఉంది. జీతం మాత్రం పెద్దదే. ఆ మనిషిని చీఫ్ రిస్క్ ఆఫీసర్ అంటారు. బ్యాంకువాళ్ళు పొట్టిగా సీఆర్‌ఓ అంటారు.

మరి ఆయన చేసేదేమిటి? ఆయన అని అలవాటుకొద్దీ అన్నాను, ఆవిడ కూడా కావచ్చు. చేసే పని ఒక ప్రశ్న అడగడం. "ఇది పోతే, దీంతోపాటు ఇంకేం పోతుంది?" ఇదే ఆ ప్రశ్న. వినడానికి సులువుగా ఉంది. అడగాల్సిన చోట, అడగాల్సిన వేళకి అడగడం నేర్చుకోవడానికే ఇరవై పాతికేళ్ళు పడుతుంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ దారి గురించే. డిగ్రీ చదువుతున్న పిల్లలున్నారు. వాళ్ళ అమ్మానాన్నలున్నారు. బ్యాంకులో చేరి నాలుగైదేళ్ళయి, ఇక ఎటు వెళ్ళాలా అని చూస్తున్నవాళ్ళున్నారు. మీ అందరికీ పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు ఆ ప్రశ్న సంగతి చూద్దాం. దానికోసం బ్యాంకు దాకా వెళ్ళక్కర్లేదు. మన వీధిలో నడిచే చీటీ చాలు.

ఏలూరు అనుకోండి, విజయనగరం అనుకోండి. జూట్ మిల్లు ఉన్న ఊరు. ఒకింటి కోడలు చీటీ నడుపుతోంది. లక్ష రూపాయల చీటీ. 20 మంది సభ్యులు. నెలకి తలా 5,000. 20 నెలలు. ప్రతి నెలా పాట ఉంటుంది. పాడుకున్నవాళ్ళు ఆ నెల డబ్బు ఎత్తుకుంటారు. నడిపినందుకు కోడలికి నెలనెలా 5 శాతం కమిషన్.

19 మంది కుదిరారు. ఇంకొక్కరు కావాలి. ఆ ఒక్కరూ దొరికితేగాని చీటీ మొదలవదు. కమిషనూ రాదు. ఆ తొందరలో కోడలు ఎవరొచ్చినా చేర్చుకుంటుంది. ఆమె చెడ్డదని కాదు. ఆమె కూర్చున్న చోటు అలాంటిది.

అరుగు మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. ఆవిడకి కమిషన్లో వాటా లేదు. "ఎవరమ్మా ఆ ఇరవయ్యో మనిషి? ఏం చేస్తాడు? ష్యూరిటీ ఎవరు?" అని అడుగుతారు. ఇది ఒక మనిషి గురించి అడిగే ప్రశ్న. బ్యాంకుల్లో దీన్ని క్రెడిట్ రిస్క్ అంటారు.

రెండో నెల వచ్చింది. ఆ ఇరవయ్యో మనిషి 30,000 నష్టానికి పాట పాడేశాడు. పాట ఎంత పోతే మిగతావాళ్ళకి అంత లాభం. అందరూ సంతోషంగా ఉన్నారు. అత్తగారు ఒక్కరే మొహం చిట్లించారు. "మొదట్లోనే అంత నష్టానికి పాడాడంటే, అంత అవసరం ఏమొచ్చిందే అతనికి?" అన్నారు. ఎంత పోయినా ఫర్వాలేదు, డబ్బు ఇప్పుడే కావాలనేవాడితో చీటీలో అందరికంటే ఎక్కువ ప్రమాదం. ఎక్కువ వడ్డీకైనా సరేనంటూ వచ్చే అప్పుదారు కూడా ఇంతే. ఆ వడ్డీని చూసి బ్యాంకులో ఒకరు మురిసిపోతుంటే, ఇంకొకరు అనుమానపడాలి.

ఇక అసలు ప్రశ్న. ఆవిడ ఒకరోజు 20 పేర్లూ చదివించుకుని విన్నారు. "ఇందులో జూట్ మిల్లువాళ్ళు ఎంతమంది?" అన్నారు. కోడలు లెక్కపెట్టింది. 14 మంది. అందరూ పర్మనెంటు ఉద్యోగులే. అందరూ మాట మీద నిలబడేవాళ్ళే. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. పైగా ఒకరికొకరు ష్యూరిటీ సంతకాలు కూడా పెట్టుకున్నారు. కానీ రేపు మిల్లు లాకౌట్ అయిందనుకోండి. 14 మంది కట్టాల్సిన డబ్బూ ఒకే నెలలో ఆగిపోతుంది. ష్యూరిటీ పెట్టినవాడిని అడుగుదామంటే, అతనూ అదే గేటు బయట నిలబడి ఉంటాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనిషి మంచివాడా కాదా అన్నది ఒక ప్రశ్న. అందరూ ఒకే మిల్లువాళ్ళా అన్నది వేరే ప్రశ్న. మొదటిది అందరూ అడుగుతారు. రెండోది అడగాలని చాలామందికి తోచదు. ఫైనాన్సు రంగంలో రిస్క్ ఉద్యోగం కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సరే, దారి ఎక్కడ మొదలవుతుంది? చాలామంది పిల్లలు రిస్క్ డిపార్టుమెంటు అంటారు. ఏసీ గది, కంప్యూటరు, మోడళ్ళు. నేనైతే బ్రాంచి అంటాను. అప్పులిచ్చే బల్ల దగ్గర అంటాను.

ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరతారు. స్కేల్ వన్. ఎక్కడో పశ్చిమ గోదావరిలోనో నల్గొండలోనో పోస్టింగు. ఒక రైసు మిల్లు యజమాని వర్కింగ్ క్యాపిటల్ అప్పు వాడుకుంటున్నాడు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంటు ఇస్తాడు. దాన్నిబట్టి డ్రాయింగ్ పవర్ లెక్క కడతారు. అంటే ఎంతదాకా డబ్బు తీసుకోవచ్చు అన్న లెక్క. కాగితం మీద 10,000 బస్తాల ధాన్యం ఉంది. మీరు వెళ్ళి చూడాలి. ముందు వరసల్లో ధాన్యం పెట్టి, వెనక వరసల్లో ఊక బస్తాలు పేర్చడం కొత్త విద్యేం కాదు. అందుకే అనుభవం ఉన్న ఆఫీసరు బస్తాలు లెక్కపెట్టి ఊరుకోడు. కరెంటు బిల్లు కూడా అడుగుతాడు. ధాన్యం నిజంగా ఆడించి ఉంటే మోటార్లు తిరిగి ఉండాలి. మోటార్లు తిరిగితే మీటరూ తిరగాలి కదా.

ఇది ఏ పుస్తకం చదివినా ఇంత బాగా ఒంటబట్టదు.

తర్వాత వసూళ్ళ పని. కట్టాల్సిన రోజు దాటిన ఖాతాని బ్యాంకు రోజుల లెక్కన చూస్తుంది. 30 రోజుల దాకా ఒక గడి. 60 దాకా రెండో గడి. 90 దాకా మూడో గడి. వీటికి ఎస్‌ఎంఏ సున్నా, ఎస్‌ఎంఏ ఒకటి, ఎస్‌ఎంఏ రెండు అని పేర్లు. 90 దాటితే ఆ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. కంప్యూటరు ఈ లెక్క తనంతట తాను కట్టేస్తుంది. కానీ కట్టలేనివాడెవడో, కట్టనివాడెవడో చెప్పదు. అది వాళ్ళ గుమ్మంలో నిలబడితే తెలుస్తుంది. అప్పు అడగడానికి వచ్చినప్పుడు మాట్లాడిన మనిషి, కిస్తీ తప్పాక ఎలా మాట్లాడతాడో వినాలి. ఫోనెత్తడం మానేశాడా? షెడ్డుకి తాళం వేసి ఉందా? పక్క కొట్టువాడు ఏమంటున్నాడు? ఈ పనిలో రెండు మూడేళ్ళు గడిపితే మనసులో ఒక ముల్లు మొలుస్తుంది. ఆ తర్వాత ఏ ఫైలు చూసినా అది గుచ్చుతూనే ఉంటుంది. రిస్క్ మేనేజరుకి కావలసిన మొదటి సామాను అదే.

రెండో మెట్టు జోనల్ ఆఫీసు. క్రెడిట్ డిపార్టుమెంటు. ఇక్కడ మీరు అప్పుదారుని చూడరు. ఫైళ్ళు చూస్తారు. పది బ్రాంచీల నుంచి, యాభై బ్రాంచీల నుంచి ఫైళ్ళు వస్తాయి. ప్రశ్న మారేది ఇక్కడే.

భీమవరం వైపు బ్రాంచీలనుకుందాం. ఒక ఫైలు రొయ్యపిల్లల హ్యాచరీది. ఒకటి మేత డీలరుది. ఒకటి ఐసు ఫ్యాక్టరీది. ఇంకొకటి వ్యాన్లు తిప్పేవాడిది. మరొకటి రొయ్యల్ని శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటుది. కంప్యూటరులో ఇవి ఐదు రకాల వ్యాపారాలు. ఐదింటికీ ఐదు కోడ్లు. అప్పులన్నీ నాలుగు చోట్ల సర్ది ఇచ్చినట్టే కనిపిస్తుంది. కానీ 2025లో అమెరికా మన రొయ్యల మీద సుంకాలు పెంచినప్పుడు ఏమైంది? ఎగుమతి ప్లాంటు కొనుగోలు రేటు దించింది. రేటు దిగితే చెరువు రైతు తర్వాతి పంటకి వెనకాడతాడు. రైతు వెనకాడితే పిల్లలు అమ్ముడుపోవు, మేత అమ్ముడుపోదు, ఐసు అక్కర్లేదు, వ్యాను ఖాళీగా నిలబడుతుంది. పేర్లు ఐదున్నాయి, మిల్లు మాత్రం ఒక్కటే.

జోనల్ ఆఫీసులో కూర్చున్న ఆఫీసరు ఇది సుంకం పెరిగాక కనిపెడితే, వార్తలు చదివినట్టే. పెరగకముందే లెక్క వేసి పెట్టాలి. రొయ్య ధర ఇంత పడితే, ఈ ఐదు రకాల అప్పుల్లో ఎంత ఆగిపోతుంది? దీన్ని స్ట్రెస్ టెస్ట్ అంటారు. పేరు పెద్దది. పని మాత్రం, మిల్లు మూతపడితే చీటీ ఏమవుతుందని అత్తగారు ముందే ఆలోచించడమే.

ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2010 గుర్తుందా? మైక్రోఫైనాన్సు. హైదరాబాదు కేంద్రంగా పెద్ద పెద్ద కంపెనీలు పెరిగాయి. ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న చిన్న అప్పులు. ఒకరికొకరు పూచీ. వసూళ్ళు దాదాపు పూర్తిగా వచ్చేవి. ఎస్‌కేఎస్ అనే కంపెనీ అదే ఏడాది షేర్ మార్కెట్లోకి కూడా వెళ్ళింది. ఒక్కో అప్పూ చిన్నది. లక్షలమందికి పంచిన అప్పులు. ఇంతకంటే భద్రత ఏం కావాలి అనిపించింది. కానీ ఆ అప్పుల్లో చాలా భాగం ఒక్క రాష్ట్రంలోనే ఉంది. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి. వేధింపుల వార్తలు వచ్చాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు ఆగాయి. కొన్ని నెలల్లోనే ఆ వ్యాపారం ఇక్కడ కుప్పకూలింది. ఆర్డినెన్సు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆ కంపెనీల్లో రిస్క్ చూసే కుర్చీలో ఉన్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మన లక్షలమంది అప్పుదారుల మీదా పనిచేసే ఒకే ఒక్క సంతకం ఎవరిది? ఆ సంతకం పడితే ఏమవుతుంది?

అంతకుముందు ఇంకొకటి. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు. 1994లో మన హైదరాబాదు నుంచి మొదలైన ప్రైవేటు బ్యాంకు. మెరుపులా పెరిగింది. షేర్ మార్కెట్ వైపు ఇచ్చిన అప్పులు దాన్ని దెబ్బతీశాయి. 2004 జూలైలో రిజర్వు బ్యాంకు కోరితే కేంద్ర ప్రభుత్వం మారటోరియం విధించింది. ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు నిలిచాయి. వాటాదారులకి మాత్రం ఏమీ మిగల్లేదు. ఆ బ్యాంకు షేర్లు కొన్న ఇళ్ళు జంటనగరాల్లో తక్కువేం కాదు.

మూడో మెట్టు హెడ్డాఫీసు. ఇక్కడ రిస్క్ డిపార్టుమెంటు విడిగా ఉంటుంది. అప్పుల రిస్కు ఒక విభాగం. వడ్డీరేట్లు, డాలరు రేటు, బాండ్ల ధరలు చూసే మార్కెట్ రిస్కు ఇంకో విభాగం. మనుషులు, కంప్యూటర్లు, కాగితాల్లో జరిగే తప్పులూ మోసాలూ చూసేది మూడోది, ఆపరేషనల్ రిస్కు. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో బయటపడిన మోసం మూడో రకం. విదేశాలకి సందేశాలు పంపే స్విఫ్ట్ వ్యవస్థకీ బ్యాంకు అసలు పద్దులకీ లంకె లేదు. ముంబయిలో ఒక్క బ్రాంచి నుంచి వేల కోట్ల హామీలు పద్దులకెక్కకుండానే వెళ్ళిపోయాయి. పైకి ఎదగాలనుకునేవాళ్ళు ఈ మూడు విభాగాల్లోనూ కొంతకాలం పనిచేయాలి. ఒక్క విభాగంలోనే ఇరవై ఏళ్ళుంటే నిపుణులవుతారు, సీఆర్‌ఓ కావడం కష్టం.

హెడ్డాఫీసులో ఆ ప్రశ్న రూలుగా కూడా కనిపిస్తుంది. ఒక్క కంపెనీకి బ్యాంకు ఇవ్వగలిగేది దాని ముఖ్య మూలధనంలో మామూలుగా 20 శాతం దాకానే. ఒకే గ్రూపు కంపెనీలన్నిటికీ కలిపి 25 శాతం. 2019 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఏ కంపెనీ ఏ గ్రూపుదో కనిపెట్టడమే సగం ఉద్యోగం. పేర్లు వేరుగా ఉంటాయి. డైరెక్టర్లు వేరుగా ఉంటారు. డబ్బు తిరిగే దారి చూస్తే అన్నీ ఒకే ఇంటికి చేరతాయి.

ఇప్పుడు పై మెట్టు. బోర్డు గది.

ఈ పదవికి వయసు పెద్దగా లేదు. 1993లో అమెరికాలో జీఈ క్యాపిటల్ సంస్థలో జేమ్స్ లామ్ అనే ఆయన మొదటి చీఫ్ రిస్క్ ఆఫీసరని చెప్తారు. అంతకుముందు ఈ పని నలుగురి చేతుల్లో చెదిరిపోయి ఉండేది. మన దగ్గర రిజర్వు బ్యాంకు 2017 ఏప్రిల్‌లో బ్యాంకులన్నిటికీ దీనిమీద స్పష్టంగా రాసి పంపింది. 2019లో, 5,000 కోట్లకు పైబడిన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలకీ, అంటే బ్యాంకులు కాని ఫైనాన్సు కంపెనీలకీ, వర్తింపజేసింది. 2021లో అంత పెద్ద పట్టణ సహకార బ్యాంకులకీ చెప్పింది. అంటే ఈ కుర్చీలు పెరుగుతున్నాయి. కూర్చోగలవాళ్ళు అంతగా పెరగడం లేదు.

ఆ 2017 కాగితంలో ఏముందో వినండి. చాలా తెలివైన కాగితం. సీఆర్‌ఓకి వ్యాపారం టార్గెట్లు ఇవ్వకూడదు. అప్పులిచ్చే విభాగాల కింద పెట్టకూడదు. ఆయనకే ఫైనాన్సు పదవో, ఆడిట్ పదవో కలిపి అంటగట్టకూడదు. ఇంత కాలం అని ముందే పదవీకాలం చెప్పాలి. ఆ లోపు తీసేయాలంటే బోర్డు ఒప్పుకోవాలి. తీసేసిన సంగతి రిజర్వు బ్యాంకుకి చెప్పాలి. షేర్ మార్కెట్లో ఉన్న బ్యాంకైతే స్టాక్ ఎక్స్ఛేంజీకీ చెప్పాలి. ఆయన ఎండీకి జవాబుదారీ అయితే, బోర్డు రిస్క్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి ఆయన్ని విడిగా కలవాలి. ఎండీ ఆ గదిలో ఉండకూడదు.

ఎందుకింత పకడ్బందీ? అరుగు మీది అత్తగారినే తీసుకోండి. ఆవిడ అడ్డు చెప్పిన ప్రతిసారీ, "మీరు కొన్నాళ్ళు చిన్నబ్బాయి దగ్గర ఉండి రండి" అని బస్సెక్కించగలిగితే, ఆ ప్రశ్నకి విలువెక్కడిది? ఆవిడ ఆ ఇంట్లోనే ఉండాలి. ఆవిడకీ కమిషన్లో వాటా ఇస్తే? అప్పుడు ఇరవయ్యో మనిషిని ఆవిడే వెతికి తెస్తారు.

బస్సెక్కించిన కథలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో హెచ్‌బీఓఎస్ అని పెద్ద బ్యాంకు ఉండేది. అక్కడ నియంత్రణ రిస్కు విభాగానికి అధిపతిగా ఉన్న పాల్ మూర్, బ్యాంకు మితిమీరిన వేగంతో పెరుగుతోందని పైవాళ్ళకి చెప్పాడు. ఉద్యోగం పోయింది. తన తర్వాత పై రిస్కు పదవిలోకి అమ్మకాల విభాగం నుంచి మనిషిని తెచ్చారని ఆయన 2009లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీకి రాసి ఇచ్చాడు. అప్పటికే ఆ బ్యాంకు మునిగి, లాయిడ్స్ బ్యాంకు చేతికి వెళ్ళింది.

ఇంకో రకం కథ కుర్చీ ఖాళీగా ఉండటం. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు. 2022లో సుమారు 8 నెలలు అక్కడ పూర్తిస్థాయి సీఆర్‌ఓ లేరు. వడ్డీరేట్లు పరుగెత్తిన ఏడాది అదే. బ్యాంకు డిపాజిట్ల డబ్బుని దీర్ఘకాలపు బాండ్లలో పెట్టింది. వడ్డీ పెరిగితే పాత బాండ్ల ధర పడుతుంది. అదొక దెబ్బ. రెండో దెబ్బ డిపాజిటర్ల వైపు నుంచి వచ్చింది. డబ్బు దాచుకున్నవాళ్ళలో ఎక్కువమంది టెక్నాలజీ స్టార్టప్పులు. వాళ్ళకి పెట్టుబడి పెట్టినవాళ్ళూ ఒకే గుంపు. ఒకరికి భయం వేస్తే అందరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. 2023 మార్చి 9న ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు బయటికి పోయాయి. మర్నాడు బ్యాంకు మూతపడింది. చూడండి, అప్పు తీసుకున్నవాళ్ళే కాదు, డబ్బు దాచుకున్నవాళ్ళు కూడా ఒకే మిల్లువాళ్ళు కావచ్చు. అత్తగారైనా ఈ సంగతి రెండోసారి ఆలోచిస్తేగాని తట్టదేమో.

ఇక్కడ ఒక అపార్థం తీర్చాలి. రిస్క్ ఆఫీసరంటే అన్నిటికీ వద్దనేవాడని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసి, అన్నిటికీ వద్దనేవాళ్ళు ఆ కుర్చీలో ఎక్కువ రోజులు నిలవరు. నిలిచినా వాళ్ళ మాట ఎవరూ వినరు. అప్పులివ్వకపోతే అది బ్యాంకే కాదు కదా. మంచి రిస్క్ ఆఫీసరు ఎంతదాకా సరే అనేది చెప్తాడు. అత్తగారు చీటీ మానెయ్యమని అనరు. "మిల్లువాళ్ళు 8 మంది చాలమ్మా. మిగతావాళ్ళని స్కూలు టీచర్లలో, ఆర్టీసీవాళ్ళలో, కిరాణా కొట్లవాళ్ళలో వెతుకు. మిల్లువాడికి మిల్లువాడు ష్యూరిటీ పనికిరాదు" అంటారు. చీటీ నడుస్తుంది. కోడలికి కమిషనూ వస్తుంది. మిల్లు మూతపడినా ఇల్లు మూతపడదు. బ్యాంకు భాషలో ఇది లిమిట్ పెట్టడం. ఏ రంగానికి ఎంత, ఏ రాష్ట్రానికి ఎంత, ఏ గ్రూపుకి ఎంత. ఈ హద్దులు గీసి, వాటిని బోర్డు చేత ఒప్పించి, వ్యాపారం బాగా జరుగుతున్న రోజుల్లో కూడా చెరిగిపోకుండా చూడటం. బాగా జరుగుతున్న రోజుల్లోనే ఇది కష్టం. అందరి బోనస్సులూ పెరుగుతుంటాయి. ఈయన ఒక్కడే హద్దు గురించి మాట్లాడుతుంటాడు. పెళ్ళిలో కరెంటు తీగలు చూసుకునే మనిషిని ఎవరూ ఫొటోకి పిలవరు. దానికి నొచ్చుకునే స్వభావం ఉన్నవాళ్ళు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది.

అందుకే మాట్లాడటం, రాయడం రావాలి. లెక్కలొస్తే చాలదు. బోర్డులో కూర్చునేవాళ్ళలో ఒకరు వ్యవసాయం తెలిసినవాళ్ళు, ఒకరు లాయరు, ఒకరు పాత ఐఏఎస్ అధికారి ఉంటారు. వాళ్ళకి ఒక్క పేజీలో అర్థమయ్యేలా చెప్పాలి. నలభై పేజీల గ్రాఫులిస్తే తలూపి తర్వాతి అంశానికి వెళ్ళిపోతారు.

బ్రాంచి దారి కాకుండా వేరే దారులు లేవా? ఉన్నాయి. స్టాటిస్టిక్సు, గణితం చదివినవాళ్ళు మోడళ్ళు కట్టే పనిలోకి నేరుగా వస్తారు. విదేశీ బ్యాంకులు హైదరాబాదులో నడిపే పెద్ద ఆఫీసుల్లో ఇలాంటి ఉద్యోగాలున్నాయి. ఇక్కడ కూర్చుని న్యూయార్కు అప్పుల లెక్క చూస్తారు. చార్టర్డ్ అకౌంటెంట్లు ఆడిట్ వైపు నుంచి వస్తారు. ఇన్సూరెన్సు కంపెనీల్లోనూ సీఆర్‌ఓ పదవి ఉంది. వాటి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నదే హైదరాబాదులో. ప్రభుత్వ బ్యాంకులు కూడా ఈమధ్య సీఆర్‌ఓలని బయటినుంచి కాంట్రాక్టు మీద తీసుకుంటున్నాయి. పత్రికల్లో ప్రకటనలు వస్తుంటాయి, చూడండి. అర్హతల దగ్గర అప్పుల పనిలోనో రిస్కు పనిలోనో ఏళ్ళ అనుభవం అడుగుతారు.

మోడళ్ళ దారిలో వచ్చే పిల్లలకి ఒక్క మాట. మోడలు పాత లెక్కల్ని చదివి ముందు సంగతి చెప్తుంది. 2010 సెప్టెంబరు దాకా ఉన్న వసూళ్ళ లెక్కలిస్తే, మన మైక్రోఫైనాన్సు అప్పులన్నీ బంగారమని చెప్పి ఉండేది. వీలైతే ఏడాదికోసారైనా వసూళ్ళకి వెళ్ళే వాళ్ళతో బైకు వెనక కూర్చుని ఊళ్ళు తిరిగి రండి. మీ ఆఫీసు ఒప్పుకోకపోతే సెలవు పెట్టి అయినా.

ఇక పరీక్షలు. బ్యాంకులో చేరినవాళ్ళు ముందు జేఏఐఐబీ, తర్వాత సీఏఐఐబీ రాయండి. రెండూ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్సు పెట్టేవి. అదే సంస్థ రిస్కు మీద విడిగా సర్టిఫికెట్టు కూడా ఇస్తుంది. రిస్కు విభాగంలో పనిచేసేవాళ్ళకి ఇలాంటి సర్టిఫికెట్టు ఉండాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకి చెప్పింది. ప్రపంచమంతా చెల్లేది ఎఫ్‌ఆర్‌ఎం. అమెరికాలోని గార్ప్ అనే సంస్థ నడుపుతుంది. రెండు భాగాలు. ఫీజు డాలర్లలో ఉంటుంది కాబట్టి రాసేముందు ఇంట్లో లెక్క చూసుకోండి. డిగ్రీ చదువుతూ కూడా రాయొచ్చు. అయితే రెండు భాగాలూ పాసైనా ఆ పట్టా వెంటనే చేతికివ్వరు. రెండేళ్ళు ఈ రంగంలో ఉద్యోగం చేసి చూపించాలి. ఆ రెండేళ్ళు ఎక్కడ చెయ్యాలని నన్నడిగితే, ఏదో ఒక చిన్న ఊరి బ్రాంచిలో, అప్పుల బల్ల దగ్గర అంటాను.